నేను తిట్టని మనిషి

మా బాయి మీద పనిచేసినవాళ్ళలో నాతో తిట్లు తినని మనిషి లేడు. బాయి అంటే మా గోదావరిఖని వైపు బొగ్గుగని. నేను దాని పైన ల్యాంపు రూంలో పనిచేశాను. లోపలికి దిగే ప్రతి మనిషీ నా కిటికీ ముందుకొచ్చి, తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ నాకిచ్చి, అదే నంబరు లైటు తీసుకోవాలి. లైటు టోపీకి తగిలించుకుంటారు, దాని బ్యాటరీ నడుం బెల్టుకు కట్టుకుంటారు. బిళ్ళను నేను బోర్డు మీద మేకుకు తగిలిస్తాను. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుపోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క.

ఈ చిన్న సంగతిని వందలమంది మగవాళ్ళకు రోజూ చెప్పవలసి వస్తే ఎవరికైనా నోరు లేస్తుంది. లైటును వైరు పట్టుకుని గిరగిరా తిప్పుకుంటూ వచ్చేవాడొకడు. బిళ్ళ ఇంట్లో మరిచి, "అక్కా, నా నంబరు నీకెరికనే గద" అని పళ్ళికిలించేవాడొకడు. "నీ పెండ్లాం నంబరు గూడ నన్నే యాది పెట్టుకోమంటవా, పోయి తెచ్చుకో" అని వెనక్కి తరిమేదాన్ని. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నా చేత తిట్టించుకోకుండా దిగితే ఆ రోజు పని కలిసిరాదని కొందరు అనేవాళ్ళట. నా చెవిన పడ్డాక వాళ్ళకు ఇంకో రెండు ఎక్కువే వడ్డించాను.

మా ఆయన కామెర్లతో పోయాక, ఎనభైలలో, నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. చేరిన మొదటి వారం నేను నోరెత్తలేదు. కిటికీ ముందుకొచ్చిన ప్రతివాడూ గొంతు తగ్గించి, కళ్ళు దించుకుని, "పాపం" అన్న ముఖంతో లైటు తీసుకుపోయేవాడు. వాళ్ళు అటు తిరగగానే నేను బ్యాటరీల వెనక్కి పోయి ఏడ్చేదాన్ని. ఏడోరోజో ఎనిమిదోరోజో ఒకాయన కిటికీ బల్ల మీద లైటు ఠక్కున పెట్టాడు.

"ఏందమ్మ ఈ లైటు? చీకట్ల నన్ను సంపుతవా?"

ఆయన టింబర్‌మన్. గనిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. అందరికంటే ముందు పోయి, కడ్డీతో కప్పును తట్టి, చప్పుడు విని, ఇక్కడ గట్టిగా ఉంది, ఇక్కడ బోలుగా ఉంది అని చెప్పేవాడు. మా ఆయనతో కలిసి పనిచేసినవాడే. నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు పోయిన ఆడదాన్ని పట్టుకుని ఇట్లా అరుస్తాడా అని ఆ రోజంతా పళ్ళు కొరుక్కున్నాను. తీరా చూస్తే నేను ఆయన లైటును చార్జింగులో సరిగా తిప్పి పెట్టలేదు. తెల్లవారి ఆయన రాగానే, "సూస్కో, సూర్యుణ్ణే నడుముకు కట్టిన" అని విసిరినట్టు ఇచ్చాను. ఆయన లైటు వెలిగించి, నా ముఖం మీద వేసి చూసి, "గిప్పుడు బాగున్నది" అని దిగిపోయాడు. ఆ పూట నేను ఏడవలేదన్న సంగతి ఇంటికి పోయాక గానీ గుర్తురాలేదు. అప్పటినుంచి నేను ఆయనకు చెల్లెను, ఆయన నాకు అన్న. నా తిట్లలో పెద్ద వాటా కూడా ఆయనదే.

నాలుగైదేళ్ళ తర్వాత అన్నకు బాగాలేకుండా పోయింది. ముందు ఎదురు మాటలు మానేశాడు. నేను ఎంత తిట్టినా లైటు తీసుకుని పోయేవాడు. తర్వాత నాగాలు మొదలయ్యాయి. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడని, ముద్ద ముట్టడం లేదని వదిన, అంటే ఆయన భార్య, వచ్చి చెప్పింది. గాలి సోకిందన్నారు. బాయి ముందర మైసమ్మకు యాటను కోశారు. మా ల్యాంపు రూంలో లైట్లు బాగుచేసే చాచా దర్గా నుంచి తాయెత్తు తెచ్చాడు. నేను చర్చిలో ప్రార్థన చేయించాను. ఇంతమంది దేవుళ్ళను పరేషాన్ చేశాక గానీ ఆయన్ను కంపెనీ దవాఖానకు తీసుకుపోవాలన్న బుద్ధి మాకు పుట్టలేదు.

డాక్టరు గారు డిప్రెషన్ అన్నారు. బీపీ వచ్చినట్టే ఇదీ వస్తుందని, మందులతో తగ్గుతుందని, గాలీ ధూళీ కాదని వదినకు విడమరిచి చెప్పి, అన్నను పట్నం పెద్ద దవాఖానకు పంపించారు. అన్న ఐదు నెలలు సిక్కులో, అంటే జబ్బు సెలవులో, ఉన్నాడు.

తిరిగివచ్చాక డాక్టరు గారు ఒక పద్ధతి పెట్టారు. నెలరోజులు గని పైన తేలిక పని. ఆ తర్వాత చూసి, బాగుంటే లోపల పనికి ఫిట్ రాస్తారు. బాగా లేకపోతే మెడికల్ బోర్డుకు పంపుతారు, అక్కడ అన్‌ఫిట్ చేస్తే ఉద్యోగం అయిపోయినట్టే. చుట్టాలకు అదే మంచిగా తోచింది. అన్‌ఫిట్ అయితే కొడుకును పెట్టుకుంటరు, నువ్వు ఇంట్ల హాయిగ ఉండొచ్చు అన్నారు. వాళ్ళదీ ప్రేమే. అన్న మాత్రం నాతో ఒకటే మాట అన్నాడు.

"నలబై ఏండ్లు గిట్ల దాటినయో లేదో, ఇంట్ల కూసుంటే మళ్ళ ఆ గోడనే చెల్లె. నాకు దిగాలె."

ఆ నెలరోజులకు ఆయన్ను మా ల్యాంపు రూంకే వేశారు. నా సంబరం అంతా ఇంతా కాదు. ఆయన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుని, నెల తిరిగేసరికి ఫిట్ రాయించి పంపిద్దామనుకున్నాను. టైం ఆఫీసు వాళ్ళతో కొట్లాడి చేతులున్న కుర్చీ ఒకటి తెచ్చి వేశాను. ఆయన లేస్తే "కూసో అన్నా" అనేదాన్ని. గుడ్డ పట్టుకుని లైటు అద్దం తుడవబోతే లాక్కునేదాన్ని. ఆయన్ను ఎవరూ ఏమీ అనవద్దని షిఫ్టు షిఫ్టుకూ కిటికీలోంచి చాటింపు వేశాను. దాంతో ప్రతివాడూ కిటికీలోంచి తల లోపలికి పెట్టి, చావింటికి వచ్చినట్టు గొంతు దించి, "ఎట్లున్నవే" అని అడగడం మొదలుపెట్టాడు. రోజుకు మూడొందల మంది అడిగితే బాగున్నవాడికి కూడా అనుమానం వస్తుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉండేది, రేడియోలో వార్తలు చదివే ఆవిడెవరో నాలో దూరినట్టు.

చాచా ఇంకో అడుగు ముందుకు వేశాడు. వైరు మీద తొడుగు కోసే కత్తి ఒకటి మేకుకు వేలాడుతూ ఉండేది. అన్న వచ్చినరోజే దాన్ని తీసి తన టిఫిను సంచిలో దాచాడు. నాలుగోరోజు అన్న ఒక వైరు చూసి, "చాచా, ఈడ కత్తుండాలె గద" అన్నాడు. చాచా నమాజు తప్పనివాడు, అబద్ధం రాదు. "గుమ్ హోగయా బేటా, పోయింది" అని సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. అన్న ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు, పోయి కుర్చీలో కూర్చున్నాడు.

పదోరోజుకు ఆయన రావడం మానేశాడు. రెండు రోజులు చూసి మూడోరోజు డ్యూటీ దిగగానే క్వార్టరుకు పోయాను. మళ్ళీ మంచం, మళ్ళీ గోడ. వదిన తలుపు దగ్గరే, "మందులైతే ఏస్కుంటుండు, డ్యూటీ అంటెనే లేస్తలేడు" అంది. నేను స్టూలు లాక్కుని, నా రేడియో గొంతుతో, ఏమైందన్నా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగాను. గోడవైపు నుంచే అన్నాడు.

"చెల్లె, నువ్వు బాయి మీద అందర్ని తిడ్తవు. చాచాను తిడ్తవు. సర్దార్‌ను తిడ్తవు. నన్నొక్కన్నే తిడ్తలేవు. నేనేమన్న సచ్చిపోయిన్నా?"

"ఏమని తిట్టాలె నిన్ను? నువ్వేం చేస్తున్నవని?" అన్నాను.

"చెయ్యనిస్తెనే గద."

వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాకు నా మొదటి వారం గుర్తొచ్చింది. ఆ "పాపం" ముఖాలు, బ్యాటరీల వెనక నా ఏడుపు, కిటికీ బల్ల మీద ఠక్కున పడ్డ లైటు. అన్నీ తెలిసిన నేనే ఆయన్ను మళ్ళీ ఆ ముఖాల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సిగ్గనిపించింది.

తెల్లవారి దవాఖానకు పోయి డాక్టరు గారిని సూటిగా అడిగాను, ఆయన్ను తిట్టొచ్చా అని. ఆయన పెన్ను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు.

"తిట్టు మందు కాదమ్మా. మందులు మందులే, ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి. కానీ అందరితో ఎలా ఉంటారో ఆయనతోనూ అలాగే ఉండండి. చిన్నదైనా సరే, నిజమైన పని ఇవ్వండి. ఉత్తుత్తి పని ఇస్తే మనిషికి తెలిసిపోతుంది."

ల్యాంపు రూంలో నిజమైన పని అంటే బిళ్ళల బోర్డే. మొదటి షిఫ్టు పైకి వచ్చేటప్పుడు లైట్లు తీసుకుని బిళ్ళలు తిరిగి ఇచ్చే పని నీదేనని కబురు పెడితే అన్న మళ్ళీ డ్యూటీకి వచ్చాడు. చేతుల కుర్చీ టైం ఆఫీసుకు వెనక్కి పోయింది. చాచా కత్తిని మేకుకు తగిలించి, "మిల్ గయా బేటా, దొరికింది" అన్నాడు. అన్న పన్నెండు రోజుల తర్వాత కొంచెం నవ్వాడు. మందులకు ఆయన చేతులు వణికేవి. బిళ్ళ మేకునుంచి తీయడానికి ఒక్కోసారి రెండు మూడు సార్లు తడుముకునేవాడు. వెనక ఉన్నవాళ్ళు "జల్ది కానియ్యే" అనేవాళ్ళు. నేను పళ్ళ బిగువున ఊరుకున్నాను. సాయం చేయకుండా ఊరుకోవడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు.

అట్లా రెండు వారాలు బాగానే నడిచింది. నెల ఇంకో మూడు రోజుల్లో నిండుతుందనగా, ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు మొత్తం పైకి వచ్చేశాక చూస్తే, బోర్డు మీద ఒక బిళ్ళ వేలాడుతూ ఉంది. ఆ నంబరు లైటు ఉండాల్సిన గూడు కూడా ఖాళీ. అంటే మనిషి లోపలే ఉన్నాడు. నేను పరుగున పోయి, లోపల షిఫ్టును నడిపించే సర్దార్‌కు చెప్పాను. రెండో షిఫ్టును ఆపేశారు. అప్పుడే పైకొచ్చి, చెమట కూడా ఆరని సర్దార్ ఇద్దరిని వెంటేసుకుని మళ్ళీ దిగాడు. మైసమ్మ ముందు మనుషులు గుమిగూడారు. ఎందుకైనా మంచిదని ఒకతన్ని సైకిలు మీద ఆ మనిషి క్వార్టరుకు పంపాం. గంట గడిచాక సైకిలు మనిషి రొప్పుకుంటూ వచ్చాడు. ఆ మహానుభావుడు కోడికూరతో అన్నం తిని ఇంట్లో గుర్రుపెట్టి పడుకుని ఉన్నాడట.

జరిగింది ఇదీ. అతని లైటు అద్దం పగిలి ఉంది. అన్న దాన్ని గూట్లో పెట్టకుండా రిపేరు బల్ల మీద పెట్టాడు. అతను బస్సుకు టైమవుతోందని బిళ్ళ తీసుకోకుండానే పరుగెత్తాడు. అన్న అది చూసుకోలేదు, ఆ రద్దీలో పక్కన పెట్టిన లైటు నంబరు కూడా ఆయనకు గుర్తులేదు. లైటు బల్ల మీద గుడ్డ కింద ఉంది.

గుడ్డ ఎత్తి ఆ లైటును చూడగానే, ఆ గంటసేపు నేను పడ్డ భయమంతా నోట్లోకి వచ్చింది. డాక్టరు గారు గుర్తు లేరు, దవాఖాన గుర్తు లేదు. "కండ్లు నెత్తికెక్కినయా అన్నా? బోర్డంటే ఏమనుకున్నవు, ఇంట్ల దండెమా? ముగ్గురు మనుషులు లేని పీనుగ కోసం లోపల దేవులాడుతున్నరు. వాళ్ళ మీద కప్పు కూలితే ఏం జెప్తువు వాళ్ళ పిల్లలకు? ఇరవై ఏండ్లు బాయి దిగినోనివి, నీకు నేను చెప్పాల్నా?" ఇంకా చాలా అన్నాను. రెండో షిఫ్టు మనుషులంతా కిటికీ బయట నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. "అక్కా, పాపం, సిక్కు నుంచి వచ్చినోడు" అని ఒకడు గొణిగాడు. వాడికీ రెండు తగిలాయి.

నాకు ఊపిరి అందక ఆగాను. అన్న తల దించుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తాడు.

"తప్పయింది. నాదే తప్పు. కానీ పగిలిన లైట్లకు ఓ జాగంటూ పెట్టకుంట, గుడ్డల కింద కుప్పేసుడు ఎవరు నేర్పిండ్రే ఈడ?"

అది పాత గొంతు. ఆరేడు నెలలుగా నేను వినని గొంతు. ఆ కుప్ప నాదే.

దిగినవాళ్ళు ముగ్గురూ క్షేమంగా పైకి వచ్చారు. సాయంత్రానికి మేనేజరు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పొరపాటు ఎలా జరిగింది, ఎవరు బాధ్యులు, రేపటికల్లా రాసివ్వాలి. ఇంటికి పోతే అన్నం సహించలేదు. అంతమందిలో అట్లా అన్నానే, మళ్ళీ మంచమెక్కాడేమో, నా నోటితో నేనే ఆయన్ను అన్‌ఫిట్ చేశానేమో అని ఒకటే ఫికర్.

తెల్లవారి నేను పోయేసరికి ఆయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. వదిన పాత ఎర్ర చీర చింపి చిన్న చిన్న గుడ్డలు చేసి తెచ్చాడు. లైటు రిపేరుకు పోతే దాని గూట్లో ఎర్రగుడ్డ పెట్టాలని చాచాకు చెబుతున్నాడు. నేను కాగితం తీసి బల్ల మీద పెట్టాను. చాచా నన్ను పక్కకు పిలిచి, "నీ పేరు రాస్కో బేటీ, నిన్నేం జెయ్యరు. ఆయన పేరుంటే డాక్టర్ కాడ ఖరాబైతది" అన్నాడు. నేనూ అదే అనుకుని వచ్చాను. పెన్ను తీశాను. అన్న వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"నా పేరు రాయి."

"రాస్తే దిగనియ్యరన్నా. మెడికల్ బోర్డుకు పంపుతరు."

"పంపనీ. తప్పు గూడ నాది గాకుంటే, ఇంక నాదని ఏమున్నది చెల్లె నాకు?"

ఆయన పేరే రాశాను.

చెకప్పు రోజు వదినతో పాటు నేనూ పోయాను. డాక్టరు గారి బల్ల మీద ఫైలు, దాని పైన నేను రాసిన కాగితం. వదిన నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను మళ్ళీ రేడియో గొంతు ఎత్తుకుని, "పాపం సార్, ఆయన" అంటుండగానే డాక్టరు గారు చేయి చూపించి ఆపారు. ఏం జరిగిందో నువ్వు చెప్పు అని అన్నను అడిగారు. అన్న చెప్పాడు. పగిలిన అద్దం నుంచి ఎర్రగుడ్డల దాకా, బస్సుకు పరుగెత్తినవాడి మీద నెట్టకుండా, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. డాక్టరు గారు వింటూ వదిన వైపు తిరిగారు.

"ఐదారు నెలల కింద ఈ కుర్చీలో కూర్చుని ఈయనకు తన పేరు చెప్పడానికే ఎంతసేపు పట్టిందో గుర్తుందామ్మా?" ఆ కాగితాన్ని వేలితో తట్టారు. "పనిచేసేవాడి మీదే ఇలాంటి కాగితం వస్తుంది."

ఫిట్ రాశారు. మొదటి పదిహేను రోజులు ఇంకో టింబర్‌మన్ జతలో పనిచేయాలని, మందులు సాగాలని, నెలకోసారి వచ్చి కనపడాలని కింద రాశారు. వదిన బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. అన్న మా ఇద్దరినీ చూసి, "మీకు గూడ సిక్కు గావాల్నా" అన్నాడు.

ఆయన దిగేరోజు కోసం నేను ఆయన నంబరు లైటును రెండుసార్లు చూశాను. బ్యాటరీలో నీళ్ళు పోశాను, అద్దం తుడిచాను, వైరు పొడుగునా వేలితో తడిమి చూశాను. మొదటి షిఫ్టు వరుసలో ఆయన మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చి నిలబడ్డాడు. బిళ్ళ ఇచ్చాడు, లైటు ఇచ్చాను. ఆరోజు మెత్తగా ఒక్క మాట అనాలని నాకు గొంతుదాకా వచ్చింది, మింగేశాను. ఆయన లైటు వెలిగించి నా ముఖం మీద వేశాడు. కళ్ళు చెదిరిపోయేంత వెలుగు. ఆయన దాన్ని కిటికీ బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"ఏందమ్మ ఈ లైటు? చీకట్ల నన్ను సంపుతవా?"

నేను అప్పుడు ఏమన్నానో అచ్చులో పెట్టే మాటలు కావు. ఆయన ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తిట్టాను. అన్న తిట్లన్నీ అయిపోయేదాకా నిలబడి విన్నాడు. తర్వాత బెల్టు బిగించుకుని దిగిపోయాడు. నేను ఆయన బిళ్ళను మేకుకు తగిలించి, వెనక ఉన్నవాణ్ణి ముందుకు రమ్మన్నాను.